వియ్యాలవారింట్లో చైనా కొత్త సంవత్సరం పిండివంటలు: మేమూ చెయ్యి కలపాలనుకుంటున్నాం

కాకినాడ_లక్ష్మి

అందరికీ నమస్కారం. మా అబ్బాయి మలేసియాలోని పినాంగ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. కోడలిది జార్జ్ టౌన్, హొక్కియన్ చైనా కుటుంబం. పెళ్లయ్యాక మొదటిసారి వాళ్ల కొత్త సంవత్సరానికి మా ఇద్దరినీ రమ్మని వియ్యపురాలు స్వయంగా ఫోన్ చేసింది. ఈసారి పండగ 2026 ఫిబ్రవరి 17న. అంతకు ముందే కోడలి అమ్మమ్మగారింట్లో అందరూ చేరి పిండివంటలు చేస్తారట. "మీరు కూర్చోండి, మేం చేస్తాం" అంటున్నారు గానీ, నలుగురు ఆడవాళ్లు పిండి కలుపుతుంటే నేను సోఫాలో కూర్చుని టీవీ చూడలేను. నాకు పని కావాలి. వాళ్లకి అడ్డం కాకుండా, వాళ్ల పద్ధతి తప్పకుండా చెయ్యాలి.

మేం శాకాహారులం, గుడ్డు కూడా తినం. అక్కడ ఏమేం చేస్తారు, అందులో మేం తినగలిగేవి ఏవి, నేను ఏ పని అందుకోవచ్చు, అనకూడని మాటలు, చెయ్యకూడని పనులు ఏమైనా ఉన్నాయా, మన వంటలు తీసుకెళ్లొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి. కోడలిని అడిగితే "ఏం పర్లేదు అత్తయ్యా" అనే అంటుంది, పాపం.

బాగాన్_దాతోక్_రావు

చెల్లెమ్మా, మాది మలేసియాయే. మా తాతగారు కొబ్బరి తోటల్లో పనికి లోయర్ పెరాక్ వచ్చారు, మేం ఇక్కడే పుట్టి పెరిగాం. ఇరుగుపొరుగు హొక్కియన్ వాళ్లే కాబట్టి ఆ వంటిళ్లు నాకు బాగా తెలుసు.

మొట్టమొదట చేసేది తీ కుయే. మలయ్‌లో కుయిహ్ బాకుల్ అంటారు, మాండరిన్‌లో నియెన్ గావ్. జిగురు బియ్యప్పిండి, దాదాపు అంతే బరువు పంచదార, నీళ్లు. అంతే. గుడ్డు లేదు, కొవ్వు లేదు, మీరు నిక్షేపంగా తినొచ్చు. చిన్న డబ్బాల లోపల అరిటాకు పరిచి, పిండి పోసి ఆవిరి మీద పెడతారు. పెద్దవాళ్ల పద్ధతిలో అయితే పది, పన్నెండు గంటలు. తెల్లగా పోసిన పిండి అంతసేపు ఆవిరి తగిలి నిదానంగా ఎర్రబడి, చివరికి ముదురు బెల్లం రంగుకి వస్తుంది. కొందరు ముందే పంచదారని పాకం కాచి కలుపుతారు, అప్పుడు సమయం బాగా తగ్గుతుంది. అమ్మమ్మగారిది ఏ పద్ధతో ముందే కనుక్కో. పన్నెండు గంటలదైతే రాత్రి కాపలా ఉంటుంది. అడుగున నీళ్లు ఇంకిపోకుండా మరిగే నీళ్లే మళ్లీ మళ్లీ పొయ్యాలి, చన్నీళ్లు పోస్తే ఆవిరి పడిపోతుంది. ఆ కాపలాకి మీ ఆయన్ని కూర్చోబెట్టు. అక్కడ అది మగవాళ్లు కూడా చేసే పనే.

తీ కుయే ముందుగా వంటింటి దేవుడికి. వాళ్ల చాంద్రమాన లెక్కలో పన్నెండో నెల 24న ఆయన పైకి వెళ్లి ఆ ఇంటి మంచీ చెడూ స్వర్గంలో విన్నవిస్తాడని నమ్మకం. నోట్లో ఇంత జిగురుది పెడితే చెడ్డమాట చెప్పలేడు, చెప్పినా తియ్యటి మాటే చెబుతాడు. ఈ ఏడాది ఆ రోజు ఫిబ్రవరి 11న వస్తుంది. కాబట్టి మీరు 8, 9 తేదీలకే పినాంగ్‌లో ఉండాలి. లేకపోతే అసలు పని అయిపోయాక చేరతారు.

ఇక అనకూడని మాటల సంగతి. అది ఉడుకుతున్నంతసేపూ వంటింట్లో గొడవపడకూడదు, గట్టిగా తిట్టుకోకూడదు, "ఉడకదేమో, చెడిపోతుందేమో" అనకూడదు. మాటిమాటికీ మూత తీసి చూడకూడదు. కుదిరిన కుయే వచ్చే ఏడాదికి శుభసూచకం, అందుకే అంత భయభక్తులు. మా పక్కింటి ముసలావిడ పిల్లల్ని వీధిలోకి తరిమేసేది.

పెర్ల్‌డెల్టా_సుధ

పిన్నిగారూ, నేను గ్వాంగ్‌డాంగ్‌లోని శున్‌డెలో కోడలిని. మాది కాంటనీస్ ఇల్లు, కాబట్టి మీ వియ్యాలవారి వంటకాలకీ మావాటికీ కొంచెం తేడా ఉంటుంది. కానీ ఒక్కటి చెప్తే మీకు టెన్షన్ సగం పోతుంది. మా ఇంట్లో పండగకి తప్పనిసరిగా చేసేది యావ్ గోక్. మైదా పూరీ పలచగా ఒత్తి, గ్లాసుతో గుండ్రంగా కోసి, మధ్యలో వేయించి దంచిన వేరుశెనగ, నువ్వులు, పంచదార, కొబ్బరి పెట్టి, సగానికి మడిచి, అంచుని వేళ్లతో తాడు పేనినట్టు మెలిపెట్టి నూనెలో వేయిస్తారు. అవును, కజ్జికాయలు. నేను మొదటి ఏడాది చూసి అక్కడికక్కడే పీట లాక్కుని కూర్చున్నాను. అచ్చు లేకుండా చేత్తో అంచు మెలిపెట్టడం మా అమ్మమ్మ నేర్పింది, ఆ పని మా అత్తగారు నాకు వదిలేశారు. భాష సరిగ్గా రాని రోజుల్లో ఆ ఇంట్లో నాకంటూ ఒక చోటు దొరికింది అంటే ఆ అంచుల వల్లే.

ఒక తేడా ఉంది. వాళ్ల పైపిండిలో సాధారణంగా పంది కొవ్వు, గుడ్డు పడతాయి. మా అత్తగారు ఇప్పుడు నా కోసం ఒక వాయి పిండి వేరుశెనగ నూనెతో విడిగా కలుపుతారు. ముందు నా వాయి వేయించి, తర్వాతే మిగతావి. మీరూ సిగ్గుపడకుండా అడగండి. ఇంకో మాట, చాలా చైనా ఇళ్లలో కొత్త సంవత్సరం మొదటి రోజు శాకాహారమే తింటారు. బౌద్ధం పాటించే పెద్దవాళ్లు ప్రతి చాంద్రమాన నెలా 1న, 15న మాంసం ముట్టరు, కొందరైతే ఉల్లి, వెల్లుల్లి కూడా. శాకాహారం అంటే అక్కడ అమ్మమ్మలకి అర్థం కానిదేమీ కాదు. "గుడ్డు కూడా" అని మాత్రం విడిగా చెప్పాలి.

మా వైపు పండగ ముందు "నూనె మూకుడు తెరవడం" అని ఒక రోజు ఉంటుంది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు, తోడికోడళ్లు అంతా ఒక ఇంట్లో చేరి ఒకరి తర్వాత ఒకరి వాయి వేయిస్తారు. మూకుడు దగ్గర ఒకరే, ఎక్కువగా అందరికంటే పెద్దావిడ. మిగతావాళ్లు పిండి, నింపడం, మెలిపెట్టడం, చల్లారాక డబ్బాలకెత్తడం. మూకుడు దగ్గరకి వెళ్లి "ఇంకా వేగలేదు", "మాడింది" అనకూడదు. పిల్లలు తెలియక అన్నా పెద్దవాళ్లు వెంటనే ఒక మంచిమాటతో కప్పేస్తారు.

నింగ్బో_డాక్టర్

ఆంటీ, నేను నింగ్బోలో ఎంబీబీఎస్ చదివాను. అది తాంగ్‌యువాన్‌కి పేరుపడ్డ ఊరు. జిగురు బియ్యప్పిండి ఉండలో నల్ల నువ్వుల ముద్ద పెట్టి, నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లతోనే గిన్నెలో వడ్డిస్తారు. చైనాలో చాలాచోట్ల మొదటి నెల పౌర్ణమికి, లాంతర్ల పండగ రోజు తింటారు. నింగ్బోలో మాత్రం కొత్త సంవత్సరం మొదటి పొద్దున్న కూడా అదే. దక్షిణాన, తైవాన్‌లో, మీరు వెళ్లే పినాంగ్ హొక్కియన్ ఇళ్లలో డిసెంబర్ 21, 22 ప్రాంతంలో శీతాకాల అయనం రోజున చేస్తారు. ఈసారికి అది అయిపోయింది, కానీ పండగ పదిహేనో రోజున కొన్ని ఇళ్లలో మళ్లీ చేస్తారు.

నేను అద్దెకున్న ఇంటి యజమానురాలి దగ్గర చూసింది రాస్తాను, ఎందుకంటే చేతిపని చాలా నచ్చింది. నల్ల నువ్వులు వేయించి దంచి, పంచదార, పంది కొవ్వు కలిపి ఫ్రిజ్‌లో గట్టిపరుస్తారు. నేతితో కూడా చక్కగా కుదురుతుంది, నేతిది ఆవిడే నా కోసం చేసి పెట్టింది. 100 గ్రాముల పిండికి సుమారు 80 మిల్లీలీటర్ల గోరువెచ్చటి నీళ్లు, కొంచెం కొంచెంగా. పిండిలో చిన్న ముక్క తీసి ముందే ఉడికించి మళ్లీ ముద్దలో కలిపితే పగుళ్లు రావు. ఉండని బొటనవేలితో గిన్నెలా చేసి, గట్టిపడ్డ నువ్వుల గోళీ లోపల పెట్టి, అంచు నెమ్మదిగా పైకి లాగుతూ మూస్తారు. మూసిన చోట గాలి మిగిలితే నీళ్లలో పగిలి, గిన్నెంతా నల్లగా అవుతుంది. ఆవిడ మూసిన ప్రతి ఉండనీ రెండు అరచేతుల మధ్య ఒకే వైపు తిప్పేది. మరిగే నీళ్లలో వేసి, అడుగంటకుండా గరిటె వెనక వైపుతో ఒక్కసారి తోసి వదిలేయాలి. పైకి తేలాక ఇంకో నిమిషం.

ఉత్తరాన, బీజింగ్ వైపు పద్ధతి పూర్తిగా వేరు. అక్కడ యువాన్‌షియావ్ అంటారు. లోపలి ముద్దని చిన్న చిన్న ముక్కలుగా కోసి, నీళ్లలో ముంచి, పొడి పిండి ఉన్న చాటలాంటి వెదురు తట్టలో వేసి దొర్లిస్తారు. మళ్లీ ముంచడం, మళ్లీ దొర్లించడం. పిండి పొర పొరగా పట్టుకుని ఉండ పెరుగుతుంది. అందుకే ఇళ్లలో తక్కువ, దుకాణాల్లోనే ఎక్కువ.

సింగపూర్_శ్రావణి

లక్ష్మిగారూ, మీ ఉత్సాహం చూస్తే ముచ్చటేసింది. నేను ఒక్క నిజం కూడా చెప్పాలి. ఇప్పుడు సింగపూర్‌లో చాలా ఇళ్లలో ఇవన్నీ కొనేవే. పైనాపిల్ టార్ట్‌లు ఎర్ర మూత సీసాల్లో, తాంగ్‌యువాన్ ఫ్రీజర్ ప్యాకెట్లలో, నియెన్ గావ్ సూపర్ మార్కెట్‌లో. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో పన్నెండు గంటలు ఆవిరి పెట్టడం ఎవరికి కుదురుతుంది? కొన్నంత మాత్రాన వాళ్ల పండగ తక్కువైపోదు. మనం స్వగృహలో సున్నుండలు కొనడం లేదా?

అందుకే మీ వియ్యాలవారింట్లో ఇంకా చేస్తున్నారంటే అది అమ్మమ్మ ఓపిక. ఆవిడ చేతిలో ఉన్నది కొలతల పుస్తకంలో ఉండదు. మీ కోడలు, ఆవిడ అక్కచెల్లెళ్లు ఎంతవరకు నేర్చుకున్నారో తెలియదు గానీ, మీరు వెళ్లినప్పుడు ఆవిడ అనుమతి తీసుకుని వీడియో తీయండి. చేతులు కనబడేలా తీయండి, మొహాలు కాదు. మా ఎదురు ఫ్లాట్ వాళ్లు ఆ పని చెయ్యలేదని ఇప్పటికీ బాధపడుతుంటారు. వాళ్ల నాన్నమ్మ పోయాక పైనాపిల్ ముద్ద ఎంతవరకు ఇగిరించాలో ఎవరికీ కుదరడం లేదు.

పెర్ల్‌డెల్టా_సుధ

శ్రావణిగారితో సగమే ఒప్పుకుంటాను. కొనడంలో తప్పు లేదు, నిజమే. కానీ మా ఇంట్లో పిల్లలు నగరాల్లో ఉద్యోగాలు. పండగకి రెండు రోజుల ముందు రైలు దిగుతారు. అత్తగారు నూనె మూకుడు తెరిచే రోజుని వాళ్ల కోసం వాళ్లొచ్చే రోజుకి జరిపేశారు, పద్ధతి ప్రకారం ఉన్న రోజు వదిలేసి మరీ. ఎందుకంటే ఆ ఒక్క సాయంత్రమే అందరూ ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. చేతులకి పిండి ఉంటుంది కాబట్టి ఫోన్ ముట్టుకోలేరు. మా మరిది ఉద్యోగం పోయిన విషయం ఆ బల్ల దగ్గరే బయటపడింది. భోజనాల దగ్గర అడిగితే చెప్పేవాడు కాదు. ఎదురుగా కూర్చుని కళ్లలోకి చూస్తూ అడగడం వేరు, ఇద్దరూ తలలు వంచుకుని అంచులు మెలిపెడుతూ మాట్లాడుకోవడం వేరు. కొన్న డబ్బా ఈ పని చెయ్యదు. నాకు దీని మీద గట్టి అభిప్రాయమే ఉంది, ఏమనుకోకండి.

సింగపూర్_శ్రావణి

ఏమీ అనుకోను సుధగారూ. మీరు చెప్పింది చదివి నా మాట కొంచెం మార్చుకుంటున్నాను. అన్నీ కాకపోయినా ఏదో ఒకటి ఇంట్లో చెయ్యాలి. మా ఎదురింటివాళ్లు ఇప్పుడు తాంగ్‌యువాన్ మాత్రం ఇంట్లోనే చేస్తున్నారు. లోపల ఏమీ పెట్టకుండా, తెలుపూ గులాబీ రంగుల్లో చిన్న ఉండలు, అల్లం, పందన్ ఆకు వేసిన పంచదార నీళ్లలో. మా పిల్లలు కూడా వెళ్తారు. పిల్లలకి ఇంతకంటే సులువైన పని లేదు, ఉండలు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అయినా ఎవరూ ఏమీ అనరు.

వంటింటి_రసాయనం

జిగురు బియ్యం గురించి రెండు మాటలు. నేను ఆహార పరిశోధనలో పనిచేసి రిటైర్ అయ్యాను.

మన మామూలు బియ్యంలో పిండి పదార్థం రెండు రకాలు, అమైలోజ్, అమైలోపెక్టిన్. సోనా మసూరి లాంటి వాటిలో అమైలోజ్ గణనీయంగా ఉంటుంది, అందుకే మెతుకు మెతుకు విడిగా నిలుస్తుంది. జిగురు బియ్యంలో అమైలోజ్ దాదాపు ఉండదు, అంతా అమైలోపెక్టినే. అందుకే ఆ సాగుడు. లక్ష్మిగారు ఇంట్లో ఒకసారి ప్రయత్నించి చూద్దామని మన బియ్యప్పిండితో మొదలుపెట్టకండి, ఎంత వేడినీళ్లు పోసినా ఆ ముద్ద రాదు. పేరులో గ్లూటినస్ అని ఉన్నా అందులో గ్లూటెన్ ఉండదు. గోధుమ పడనివాళ్లు తినొచ్చు.

తీ కుయే చల్లారాక గట్టిపడి రాయిలా అవుతుంది. పాడైపోయిందని కంగారుపడకండి, అది దాని స్వభావం. మళ్లీ వేడి తగిలితే మెత్తబడుతుంది. పంచదార అంత ఎక్కువగా ఉండడం వల్లే వారాలు నిలవుంటుంది. తేమ వాతావరణంలో పైన బూజు మాత్రం పట్టొచ్చు.

నువ్వులద్దిన జిగురు ఉండల్ని నూనెలో వేయించే వంటకం కూడా ఉంది, కాంటనీస్‌లో జిన్ దోయ్. ఆ మూకుడు దగ్గర నిలబడితే జాగ్రత్త. పైపొర ముందే బిగుసుకుపోయి, లోపలి తేమ ఆవిరై బయటికి రాలేకపోతే ఉండ పేలుతుంది, వేడి నూనె మొహాన చిమ్ముతుంది. తక్కువ వేడి మీద మొదలుపెట్టి, తేలాక చిల్లుల గరిటెతో మెల్లగా నొక్కుతూ తిప్పుతారు. అలా నొక్కితేనే అది బంతిలా ఉబ్బుతుంది కూడా. చేయి తిరిగినవాళ్లకే వదిలేయండి.

ఇంకొకటి, దయచేసి తేలిగ్గా తీసుకోకండి. ఈ జిగురు వంటలు పెద్దవాళ్లకీ, చిన్నపిల్లలకీ గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది. మీ వారికి కట్టుడు పళ్లుంటే చిన్న ముక్కలుగా కోసి, నెమ్మదిగా నమిలి తినమనండి. షుగర్ ఉంటే తీ కుయే ఒక్క ముక్క చాలు, పిండితో దాదాపు సమానంగా పంచదార పడుతుందని రావుగారు చెప్పారు కదా.

కాకినాడ_లక్ష్మి

ఎంత వివరంగా రాశారండీ అందరూ! రాత్రి మా ఆయనకి చదివి వినిపించాను. కాపలా ఉద్యోగం వచ్చిందని ఆయన సంబరం. షుగర్ ఉంది కాబట్టి ఒక్క ముక్కే అని అప్పుడే ఒట్టు వేయించుకున్నాను.

కోడలిని మళ్లీ అడిగాను. అమ్మమ్మగారిది పన్నెండు గంటల పద్ధతేనట. తీ కుయే, ఆంగ్ కూ కుయే, కుయిహ్ కపిట్, ఈ మూడూ చేస్తారంది. తర్వాతి రెండూ ఏమిటి? రావు అన్నయ్యగారూ, మీరే చెప్పాలి. ఇంకో సందేహం. పోయిన జూన్‌లో మా పెద్దాడపడుచు పోయారు. మాకు ఈ ఏడాది పండగ లేదు, సంక్రాంతికి పొయ్యి మీద మూకుడు పెట్టడం లేదు. అలాంటిది వాళ్లింట పండగ వంటలో చెయ్యి పెట్టొచ్చా? వాళ్లకి ఏమైనా పట్టింపు ఉంటుందా?

బాగాన్_దాతోక్_రావు

ఈ సంగతి ముందే అడిగి మంచి పని చేశావమ్మా. హొక్కియన్ వాళ్లకీ ఈ పట్టింపు గట్టిగానే ఉంది. చావు జరిగిన ఇంట్లో ఆ ఏడాది కుయే చెయ్యరు. బంధువులు, ఇరుగుపొరుగు తమ ఇంట్లో చేసింది తీసుకొచ్చి ఇస్తారు, అందుకే ఆ ఇంటికీ తియ్యదనం తప్పదు. ఇది వాళ్ల ఇంటి చావు గురించిన నియమం. మీది ఆడపడుచుగారి సంగతి, ఊరు వేరు, ఇల్లు వేరు. పట్టింపు లేదనే నేననుకుంటాను. అయినా నా మాట మీద వెళ్లొద్దు. కోడలి ద్వారా అమ్మమ్మగారికి ఇప్పుడే చెప్పించు. వద్దు అంటే ఆవిడ మనసు నొప్పించకుండా తప్పుకోవచ్చు. రండి అంటే నీ మనసులో బెరుకు లేకుండా పిండిలో చెయ్యి పెట్టొచ్చు. అక్కడికి వెళ్లాక, ఆవిరి లేచాక బయటపడితే మాత్రం అందరికీ ఇబ్బంది.

ఆంగ్ కూ కుయే అంటే ఎర్ర తాబేలు ఆకారం. తాబేలు దీర్ఘాయుష్షుకి గుర్తు. జిగురు బియ్యప్పిండిలో ఉడికించిన చిలగడదుంప మెదిపి, ఎర్ర రంగు, కాస్త నూనె కలిపి పైముద్ద. లోపల పొట్టు తీసిన పెసరపప్పు నానబెట్టి, ఆవిరి మీద ఉడికించి, మెదిపి పంచదారతో దగ్గరకు చేసిన పూర్ణం. గుడ్డు లేదు. పెసర పూర్ణం అంటే నీకు వేరే నేర్పేదేముంది, అది నీ చేతికే వస్తుంది. ఉండని చెక్క అచ్చులో పెట్టి అరచేత్తో నొక్కి, అచ్చుని బల్ల అంచుకి కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి టక్కుటక్కుమని కొడితే తాబేలు వీపు గీతలతో సహా ఊడి చేతిలో పడుతుంది. నూనె రాసిన అరిటాకు ముక్క మీద దాన్ని పెట్టి పది నిమిషాల లోపు ఆవిరి. మంట ఎక్కువైతే ఉబ్బి గీతలు చెరిగిపోతాయి, అందుకే మధ్యలో ఒకసారి మూత తీసి ఆవిరి వదులుతారు. తీ కుయేకి మూత తీయకూడదు, దీనికి తీయాలి. ఆ ఇంటి అచ్చు చూడు, చాలా పాతది అయ్యుంటుంది. పినాంగ్‌లో ఇది తొమ్మిదో రోజుకి ముఖ్యం. ఆకాశ దేవుడి పుట్టినరోజు, హొక్కియన్ వాళ్లకి అసలు పండగ అదే అంటారు. ఎనిమిదో రోజు అర్ధరాత్రి ఇంటిముందు బల్ల వేసి, చెరుకు గడలు కట్టి, ఈ ఎర్ర కుయేలు పేరుస్తారు. ఈసారి ఫిబ్రవరి 24 రాత్రి. అప్పటిదాకా ఉండేలా టికెట్ తీసుకోండి.

కుయిహ్ కపిట్‌లో గుడ్డు పడుతుంది, నువ్వు తినలేవు. కానీ చెయ్యి పెట్టడానికి అభ్యంతరం లేకపోతే, చూడాల్సిన పని అది. బొగ్గుల మీద పొడవాటి పిడులున్న ఇనుప పట్టకార్లు వరసగా పెడతారు. ఒకరు బియ్యప్పిండి, కొబ్బరిపాలు, గుడ్డు కలిపిన జారు పిండి పోసి మూస్తారు, ఒకరు తిప్పుతారు, ఒకరు తెరిచి కాగితమంత పలచటి రేకుని ఊడదీస్తారు, పక్కనున్న మనిషి దాన్ని సగానికి, మళ్లీ సగానికి మడవాలి. రెండు మూడు క్షణాల్లో మడవకపోతే బిగుసుకుని విరిగిపోతుంది. వేళ్లు కాలతాయి. వరసలో ఒక్కరు లేచి వెళ్లినా మొత్తం పని ఆగిపోతుంది.

మన వంట అన్నావు. గులాబీ పువ్వుల అచ్చు ఉందా మీ ఇంట్లో? ఇక్కడ చైనా వాళ్లు కొత్త సంవత్సరానికి, మలయ్ వాళ్లు రంజాన్ పండక్కి, మేం దీపావళికి అదే అచ్చుతో అదే పువ్వు చేస్తాం. మా అమ్మ తన ఇత్తడి అచ్చుని ప్రతి ఏడాదీ పక్కింటికి ఎరువు ఇచ్చేది. వాళ్లు తిరిగి ఇచ్చేటప్పుడు వట్టి అచ్చు ఇచ్చేవారు కాదు, పైన రెండు నారింజలు పెట్టేవారు.

పంచాంగం_శర్మ

ఈ తేదీలు చూస్తూ ఒక మాట చెప్పాలనిపించింది. చైనా నెల అమావాస్య రోజున మొదలవుతుంది, మన నెల ఆ మర్నాడు పాడ్యమితో. వాళ్లదీ మనదీ చాంద్రమాన లెక్కే, అధికమాసం వేసుకోవడం కూడా ఇద్దరికీ ఉంది. కాబట్టి వాళ్ల కొత్త సంవత్సరం ఈసారి మాఘ బహుళ అమావాస్యకి పడింది. లక్ష్మిగారూ, అంటే ఫిబ్రవరి 15న మహాశివరాత్రి. మీకు ఉపవాసం, అక్కడ పండగ ముందు హడావుడి. వియ్యపురాలికి ముందే చెప్పండి, లేకపోతే తినడం లేదని బెంగపెట్టుకుంటారు.

మీరు లాంతర్ల పండగ దాకా ఉండేటట్లయితే మార్చి 3 ఫాల్గుణ పౌర్ణమి. ఆ సాయంత్రం సంపూర్ణ చంద్రగ్రహణం, మలేసియాలో కనిపిస్తుంది. అక్కడి టైం ప్రకారం రాత్రి 9 దాటాక విడుస్తుంది. మీకు పట్టింపు ఉంటే తాంగ్‌యువాన్ మధ్యాహ్నమే తినెయ్యండి.

నల్గొండ_రేఖ

ఈ చర్చకి కాస్త పక్కదారే, క్షమించండి. మేం తైవాన్‌లోని షిన్‌చూలో కొన్నేళ్లు ఉండి వచ్చాం. మా పాప ఇప్పటికీ శరదృతువు పండగకి మూన్‌కేక్ చేద్దామంటుంది. ఈ ఏడాది అది సెప్టెంబర్ 25. ఇంట్లో గుడ్డు లేకుండా అవుతుందా? పాపతో కలిసి చెయ్యగలనా?

పెర్ల్‌డెల్టా_సుధ

అవుతుంది రేఖా. కాంటనీస్ మూన్‌కేక్ పైపిండిలో అసలు గుడ్డు ఉండదు. మైదా, పంచదార పాకం, వేరుశెనగ నూనె, కొద్దిగా క్షారపు నీళ్లు. ఆ క్షారమే పాకంలోని పులుపుని విరిచి, మంచి రంగు తెస్తుంది. గుడ్డు పైన పూతకే, దాని బదులు పాలు రాయొచ్చు. లోపల ఉప్పు బాతుగుడ్డు సొన మానేసి, తామర గింజల ముద్ద ఒక్కటే పెట్టు. ఎండు తామర గింజలు నానబెట్టి, మధ్యలో ఉండే పచ్చటి మొలక తప్పకుండా తీసెయ్యాలి, లేకపోతే చేదు. అది పాపకి మంచి పని. బేక్ చేసిన రోజు పైపొర గట్టిగా, పొడిగా ఉంటుంది. డబ్బాలో పెట్టి రెండు మూడు రోజులు ఆగితే లోపలి నూనె పైకి పాకి మెత్తగా, మెరుస్తూ వస్తుంది. అందుకే పండగ రోజు చెయ్యకూడదు, ముందే చేసి పెట్టుకోవాలి. క్షారపు నీళ్లు మాత్రం పాపకి అందనివ్వకు.

కాకినాడ_లక్ష్మి

అమ్మమ్మగారికి చెప్పించాను. ఆవిడ కోడలితో అన్నదట, "వాళ్లకి ఈ ఏడాది ఇంట్లో చేసుకోవడానికి లేదు కదా, అయితే మరీ తప్పకుండా రమ్మను" అని. చదువుతుంటే నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

పెసర పూర్ణం నాదే అని చెప్పేశాను. కుయిహ్ కపిట్ దగ్గర మడిచే చోటు కోడలిది, దాని పక్కన డబ్బాలకెత్తే పని నేను తీసుకుంటాను, గుడ్డు ముట్టుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు. టికెట్లు ఫిబ్రవరి 7న వెళ్లి మార్చి 4న వచ్చేలా చేశాం. మా పండగ లేదు కాబట్టి అరిసెలు చేసి తీసుకెళ్లడానికి లేదు. ఏడాది అయ్యాక, అంటే వచ్చేసారి, అక్కడే వియ్యపురాలితో కలిసి చెయ్యాలని ఉంది. ఈసారి ఏం పట్టుకెళ్లను? ఎన్ని ఇవ్వాలి? మనం ఏదైనా బేసి సంఖ్యలో ఇస్తాం కదా. కొబ్బరి కోరాం కూడా పెట్టుకోనా?

బాగాన్_దాతోక్_రావు

సరి సంఖ్యలో ఇవ్వు, నాలుగు మాత్రం వద్దు. రెండు, ఆరు, ఎనిమిది. తెల్ల కవరు, తెల్ల గుడ్డ వద్దు, ఎర్రది లేదా బంగారు రంగుది. గడప తొక్కేటప్పుడు చేతిలో రెండు నారింజలుండాలి, అవి అక్కడే కొనుక్కోవచ్చు. నీ వైపు నుంచి జీడిపప్పు పట్టుకెళ్లు, మీ గోదావరి జిల్లాలదంటే చెప్పుకోవడానికీ బాగుంటుంది, వండింది కాదు కాబట్టి నీకూ అభ్యంతరం ఉండదు.

కోరాం అక్కర్లేదు. పినాంగ్ బజారులో కొబ్బరికాయ చూపిస్తే నీ కళ్లముందే మరలో తురిమి ఇస్తారు. తీ కుయే గట్టిపడ్డాక ముక్కలు కోసి, ఆవిరి పెట్టి, చిటికెడు ఉప్పు కలిపిన ఆ తురుములో దొర్లించి తింటారు, లేదా చేమదుంప, చిలగడదుంప బిళ్లల మధ్య పెట్టి పిండిలో ముంచి వేయిస్తారు. ఆ ముంచే పిండిలో గుడ్డు వేశారేమో అడుగు.

వచ్చేసారి అరిసెలకైతే బెల్లం మోసుకురావద్దు, జార్జ్ టౌన్ లిటిల్ ఇండియాలో దొరుకుతుంది. తడిపిండి పట్టే మర కూడా కోడలు వెతికి పెడుతుంది. అరిసె చెక్కలు మాత్రం ఇక్కడ నేనెక్కడా చూడలేదు. అవి కాకినాడ నుంచే తెచ్చుకో, రెండు జతలు తీసుకో, ఒకటి వాళ్లింట ఉంచేసి రా.